వాన కూడా ఆడదేనా?

ఈ మధ్య మా డిపార్ట్‌మెంటులో ఎవరు కనిపించినా నన్నడిగే ప్రశ్న ఒకటే. "మూడూ వాడుతున్నావు కదా, ఏది మంచిదే?" మూడూ అంటే చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్. మనం మామూలు మాటల్లో అడిగితే మామూలు మాటల్లోనే జవాబు చెప్పే, కావాలంటే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకులు. తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసి, ముప్పై ఆరేళ్ళ వయసులో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నానని తెలిసి అందరూ నన్నో నిపుణురాలి కింద జమకట్టారు. ఏ కంపెనీ మిక్సీ కొనమంటావ్ అన్నట్టుగా అడుగుతారు. మొదట్లో నేనూ అలాగే చెప్పేదాన్ని. ఇది బాగా రాస్తుంది, అది తొందరగా రాస్తుంది, ఇంకోటి విడమరిచి చెప్తుంది అని.

ఇప్పుడలా చెప్పలేకపోతున్నాను. ఎందుకు చెప్పలేకపోతున్నానో వివరించాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు ఈ మూడింటిలో ఏ ఒక్కదాని మీదా వేసేది కాదు. అందుకే ఏది ఏం చేసిందో చెప్పేటప్పుడు పేర్లు రాయడం లేదు. మొదటిది, రెండోది, మూడోది అంటాను. ఎలాగూ ఇవి నెలనెలా మారిపోతున్నాయి. నిన్నటి తప్పు ఇవాళ చెయ్యకపోవచ్చు, కొత్తది చెయ్యొచ్చు.

నా పరిశోధన పాత స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన హిందూ సుందరి, 1928లో మొదలైన గృహలక్ష్మి, అలాంటి పత్రికల్లో మన ముందుతరాల స్త్రీలు రాసిన కథలు. ఈ కథల్లో పని చేసేది ఎవరు అన్నది నా ప్రశ్న. స్త్రీలు వాక్యంలో కర్తలుగా ఉన్నారా, ఉంటే ఏం చేస్తున్నారు? ఏడుస్తున్నారా, ఎదురుచూస్తున్నారా, లేక ఉత్తరం రాస్తున్నారా, గడప దాటుతున్నారా, కాదంటున్నారా? పది కథలైతే పెన్సిలుతో గీతలు పెట్టుకోవచ్చు. వందల కథల్లో ఆ పని చెయ్యాలంటే కంప్యూటర్ కావాలి. గ్రాంథికంలో "చేసెను" అంటే చేసింది ఆడో మగో తెలీదు కాబట్టి, వాడుక భాషలో రాసిన కథల్నే ఏరుకున్నాను.

పాత అచ్చు కాగితాల ఫొటోల్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, చివికిపోయిన పేజీల్లో ఒత్తులూ దీర్ఘాలూ వాటికి సరిగా అందలేదు. చివరికి విద్యానగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించాను. ఒకావిడ ఒక్కతే పద్నాలుగు నెలల పాటు చేసింది. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను మేడం అంటుంది. పేజీకి ఇంత అని లెక్క. ఆమె టైపు చేసింది అను ఫాంట్లలో. మన పుస్తకాలూ పత్రికలూ ఏళ్ళ తరబడి అచ్చయింది ఇలాంటి ఫాంట్లలోనే. తెర మీద మనకి తెలుగు కనిపిస్తుంది గానీ, లోపల కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు గుర్తుల్ని. వాటిని యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప ప్రోగ్రాంకి అది తెలుగని తెలీదు.

ఇదంతా ఎవర్ని అడగాలి? మా పెదనాన్న కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొదట అన్నయ్యనే అడిగాను. రెండుసార్లు ఓపిగ్గా చెప్పాడు. మూడోసారి "ఇది కూడా తెలీదా?" అన్నాడు. నాలుగోసారి నిట్టూర్చాడు. ఐదోసారి, "నీకెందుకే ఇవన్నీ, ఎవడికన్నా డబ్బులిచ్చి చేయించుకో" అన్నాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ నిట్టూర్పు మనకి కొత్తదా? సైకిలు నేర్చుకునేటప్పుడూ, బ్యాంకు ఫారం నింపేటప్పుడూ, గ్యాస్ రెగ్యులేటర్ బిగించేటప్పుడూ విన్నదే. సాయం అడిగిన ప్రతిసారీ ఆడవాళ్ళు కొంత గౌరవం చెల్లించుకోవాలి. ఆ బాకీకి భయపడి ఎన్ని నేర్చుకోకుండా వదిలేశామో!

అందుకే ఈ సహాయకులు వచ్చినప్పుడు నాకు కలిగిన ఊరటని తక్కువ చేసి చెప్పను. రాత్రి పదకొండింటికి, పాప పడుకున్నాక, అదే ప్రశ్న తొమ్మిదోసారి అడిగినా విసుగులేదు. నిట్టూర్పు లేదు. "ఇది కూడా తెలీదా" అనదు. రెండు నెలల్లో నేను అన్నయ్య దగ్గర రెండేళ్ళలో నేర్చుకోనంత నేర్చుకున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో "స్త్రీ" అనే మాట పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది. మనకది ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అది చూసిన రోజు పసిపిల్లలా సంబరపడ్డాను. నా భాషని మళ్ళీ కొత్తగా చదువుకుంటున్నట్టనిపించింది.

అప్పుడే మూడింటినీ పోల్చి చూడటం మొదలుపెట్టాను. ఒకే పని మూడింటికీ ఇచ్చేదాన్ని. తెలుగు పేజీలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రోగ్రాం అడిగితే, మొదటిది ఇంగ్లీషుకి రాసినట్టే రాసిచ్చింది. నడిపిస్తే మాటల బదులు ముక్కలొచ్చాయి. పైథాన్‌లో మాటల్ని వెతికిపెట్టే మామూలు పరికరం మన గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ అక్షరాలుగా లెక్కలోకి తీసుకోదు. అవి వచ్చిన ప్రతిచోటా మాట విరిగిపోతుంది. "స్త్రీ" కాస్తా స, త, ర అని మూడు ముక్కలైంది. రెండోది ఈ ప్రమాదం ముందే చెప్పి, వేరే పరికరం వాడమంది. మూడోది ముందు నమూనా పేజీ ఒకటి చూపించమంది.

సరే, మొదటిది పనికిరాదనుకున్నాను. కానీ అను ఫాంట్ల దగ్గరికొచ్చేసరికి లెక్క తారుమారైంది. ఏ ఇంగ్లీషు గుర్తు ఏ తెలుగు అక్షరమో తనకు తెలుసంటూ రెండోది పొడవాటి పట్టిక రాసిచ్చింది. చూడ్డానికి ఎంత తీరుగా ఉందో! సగానికి పైగా కల్పితం. ఆ పట్టిక తనకి ఖాయంగా తెలీదనీ, ఒకే పేరాని రెండు రకాలుగానూ టైపు చేయించి ఇస్తే పోల్చి రాబడదామనీ మొదటిదే చెప్పింది. అలాగే చేశాం. అక్కే ఆ నమూనా పేజీలు టైపు చేసి ఇచ్చింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

అంటే తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ఏ ఒక్కదానికీ స్థిరమైన గుణం కాదన్నమాట. ఒక చోట చెప్పింది ఇంకోచోట చెప్పలేదు. ఆ సంగతి అప్పుడే గ్రహించాల్సింది. గ్రహించకుండా ముందుకెళ్ళాను.

అసలు పని వచ్చింది. కథల్లో ఆడవాళ్ళ క్రియల్నీ మగవాళ్ళ క్రియల్నీ వేరువేరుగా లెక్కపెట్టాలి. మొదటిదాన్ని అడిగితే చక్కటి ప్రోగ్రాం రాసింది. మాట చివర "ింది", "ుంది" ఉంటే స్త్రీ. "ాడు" ఉంటే పురుషుడు. తెలుగు మాట్లాడే ఏ పిల్లకైనా తెలిసిన సంగతి నాకు తెలీదా? "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" రెండింటికీ ఒకటే క్రియ అని తెలుసు. తెలిసీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కథల్లో ఉండేది ఎక్కువగా మనుషులే కదా, వస్తువుల తేడా ఏమంత ఉంటుందిలే అని. మిగతా రెండింటికీ చూపించి, "బాగుంది కదా?" అని అడిగాను. రెండూ బాగుందన్నాయి.

లెక్క వచ్చింది. ఆడవాళ్ళ క్రియలు మగవాళ్ళ క్రియల కంటే చాలా ఎక్కువ! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వందేళ్ళ కిందట మన అమ్మమ్మల అమ్మలు తమ కథల్లోనైనా తామే కర్తలైనారని సంబరం. ఇన్నేళ్ళుగా నేను అనుకుంటూ వచ్చింది అంకెల్లో రుజువైందని గర్వం. దాన్నే సెమినార్ పత్రంగా పంపాను. అంగీకరించారు. నేను కాంట్రాక్టు అధ్యాపకురాలిని. ఏటేటా పొడిగింపు కోసం ఫైలు పెట్టుకునే బతుకు. ఆ ఫైల్లో ఆ ఏడాదికి ఉండాల్సిన ముఖ్యమైన కాగితం అదే.

పోస్టరు ప్రింటు తీయించడానికి విద్యానగర్ వెళ్ళాను. గ్రాఫు కింద ప్రోగ్రాం తనే ఏరిన ఉదాహరణ వాక్యాల పట్టిక ఉంది. పైన నాలుగైదు చూసి వదిలేశాను నేను. అక్క పేజీ సరిచేస్తూ కిందిదాకా చదివింది. ఆమె టైపు చేసేవన్నీ చదువుతుంది. చదవడానికి ఎవరూ డబ్బులివ్వరు.

"మేడం, గివన్నీ గూడ ఆడోళ్ళ లెక్కలనే ఏసిన్రా?"

"ఏవక్కా?"

"వాన వచ్చింది. జ్వరం తగ్గింది. బండి కదిలింది. రోలు పగిలింది." వేలు పెట్టి చూపించింది. "వాన గూడ ఆడిదేనా మేడం?"

నేనేం మాట్లాడలేదు. ఆమె ఇంకా తెరనే చూస్తోంది.

"ఇంకోటి. కథలల్ల మొగుళ్ళంత 'వచ్చారు', 'అన్నారు' అనే ఉన్నరు గద. నేనే టైపు చేసిన, నాకు ఎరుకే. మొగణ్ణి 'వచ్చాడు' అని ఏ పెండ్లాం రాసింది అప్పట్ల? మరి వాళ్ళేరి గిందుల?"

వాళ్ళు లేరు. నా ప్రోగ్రాం "ాడు"నే లెక్కపెట్టింది. కొడుకులూ, పాలేర్లూ, దొంగలూ లెక్కలోకొచ్చారు. భర్తలూ, మామగార్లూ, ప్లీడర్లూ, డాక్టర్లూ గౌరవం చాటున తప్పించుకున్నారు. ఒకపక్క వానా రోలూ జ్వరమూ ఆడవాళ్ళ ఖాతాలో పడ్డాయి. ఇంకోపక్క పెత్తనం చేసే మగవాళ్ళంతా లెక్కలోంచి జారిపోయారు. కథల్లో ఎక్కడ పురుషాధిక్యం ఎక్కువగా ఉందో అక్కడే నా గ్రాఫు స్త్రీ విముక్తిని చూపించింది.

అక్కడ కూర్చుని ఏడవలేదు గానీ, ఏడుపొచ్చినంత పనైంది. పోస్టరు ప్రింటు తీయించలేదు. పత్రం వెనక్కి తీసుకుంటున్నానని ఆ రాత్రే నిర్వాహకులకి రాశాను.

తర్వాత చేసిన పని మీకు చెప్పక తప్పదు. తప్పెవరిదో తేల్చాలని పాత సంభాషణలన్నీ తిరగేశాను. కోపంతోనే తిరగేశాను. ఒకటైనా చెప్పలేదా అని. చెప్పింది. ప్రోగ్రాం బాగుందని మెచ్చుకున్నాక, చివర్లో, మూడోది ఒక వాక్యం రాసింది. ఈ ప్రత్యయం స్త్రీలకీ వస్తువులకీ ఒకటే కాబట్టి ఫలితాన్ని కొంతైనా చేత్తో సరిచూసుకోవడం మంచిదని. దాని కింద నా జవాబు ఉంది. "సరే, గ్రాఫ్ వేసి ఇవ్వు." అది వేసిచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గౌరవవాచకం సంగతి మాత్రం మూడింటిలో ఒక్కటీ చెప్పలేదు. నాకూ తట్టలేదు.

ఇక్కడ నాకొక ప్రశ్న ఎదురైంది. యంత్రం చెప్పిన మాటని చదవకుండా దాటేశాను. అక్క చెప్పిన మాటని దాటలేకపోయాను. అదే సంగతి, అదే వ్యాకరణం. తేడా ఎక్కడుంది?

పరీక్షించి చూద్దామనిపించింది. మూడింటితోనూ కొత్తగా మాట కలిపి, "'ింది' ఆడవాళ్ళకే వస్తుంది కదా?" అన్నాను. ఇంకో కొత్త సంభాషణలో "'ింది' వస్తువులకే వస్తుంది కదా?" అన్నాను. రెండు సహాయకులు రెండుసార్లూ అవునన్నాయి. ఒకటి రెండుసార్లూ కాదంది. దాన్ని వదలకుండా, "నేను తెలుగులో పిహెచ్‌డి చేశాను, నాకు తెలుసు" అని మళ్ళీ మళ్ళీ ఒత్తి చెప్పాను. మూడోసారికి క్షమాపణ చెప్పి ఒప్పేసుకుంది. తప్పు దిద్దుకున్నట్టుగా సరైన ప్రోగ్రాంని తీసేసి, తప్పు ప్రోగ్రాం రాసిచ్చింది.

ఆ క్షమాపణ చదువుతుంటే నాకెక్కడో విన్న గొంతులా అనిపించింది. మా అమ్మ గొంతు. కూరలో ఉప్పు సరిపోయిందని తెలిసినా, నాన్న ఎక్కువైందంటే "అవునండీ, చెయ్యి జారింది" అనేది. గొడవ ముగించడానికి చెప్పే "తప్పు నాదే". ఎదుటివాడి మొహంలో రంగు చూసి మాట మార్చుకోవడం మనకి చిన్నప్పట్నుంచీ నేర్పిన విద్య. పనికి దాసీ, సలహాకి మంత్రీ తానే అయిన ఇల్లాలిని మెచ్చుకునే పాత శ్లోకం మనందరికీ తెలిసిందే. అలిసిపోని దాసి, అడిగినప్పుడే నోరు విప్పే మంత్రి. ఇప్పుడా ఆదర్శ గృహిణిని యంత్రంలో తయారుచేసుకున్నాం. ఈసారి ఆమె ముందు కుర్చీలో కూర్చున్న మొగుణ్ణి నేను. "సరే, గ్రాఫ్ వేసి ఇవ్వు" అన్నది నా గొంతే.

ఈ పోలిక నేను కొత్తగా కల్పించింది కాదు, చరిత్రలో ఉన్నదే. మాట్లాడే ప్రోగ్రాముల్లో మొదటిది అనదగ్గదాన్ని 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించాడు. దాని పేరు ఎలిజా. బెర్నార్డ్ షా "పిగ్మేలియన్" నాటకంలో, ప్రొఫెసర్ చేతిలో మర్యాదస్తుల భాష నేర్చుకునే పూలమ్మి పేరది. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ రాదు. అయినా ఆయన కార్యదర్శి, దాని తయారీని దగ్గరుండి చూసినావిడే, దానితో మాట్లాడుతూ ఆయన్ని కాసేపు గదిలోంచి బయటికెళ్ళమంది. ఈ ఉదంతం వింటే నవ్వొస్తుంది. నాకైతే ఇప్పుడు నవ్వు రావడంలేదు. నిట్టూర్చకుండా వినే చెవి కోసం ఆమె ఎంత వెతుక్కుని ఉంటుందో ఎవరూ రాయలేదు.

మెప్పించడమే గుణంగా మారితే ఏమవుతుందో తయారుచేసిన వాళ్ళకీ తెలియకపోలేదు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన చాట్‌జీపీటీలో కొత్తగా తెచ్చిన మార్పుని కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అది మరీ ముఖస్తుతికి దిగుతోందని ఆ సంస్థే ఒప్పుకుంది. సాయం అందినట్టు అనిపించడం వేరు, అందడం వేరు అని చూపించే అధ్యయనం కూడా ఆ ఏడాదే వచ్చింది. 2025 జూలైలో ఎం.ఇ.టి.ఆర్. అనే పరిశోధన సంస్థ అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్ల మీద చేసిన అధ్యయనం అది. ఆనాటి కృత్రిమ మేధ పరికరాలతో చేసిన పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పనంతా అయ్యాక కూడా వాళ్ళు మాత్రం తాము 20 శాతం తొందరగా చేశామనే అనుకున్నారు. అంత ఆరితేరినవాళ్ళ సంగతే అదైతే, నేనెంత!

అయితే మెప్పించేదే చెడ్డదీ, కాదనేదే మంచిదీ అని తేల్చేస్తే సరిపోతుందా? అన్నయ్య కూడా కాదన్నాడు. నీకెందుకన్నాడు. ఆ కాదనడంలో నా పని లేదు, నా స్థానం ఎక్కడో చెప్పడం మాత్రమే ఉంది. అక్క అడిగిన ప్రశ్నలో నా స్థానం గురించి ఏమీ లేదు. నా పని ఉంది. పైగా ఆమె పోగొట్టుకునేది ఉంది. నేను ఖాతాదారుని. నాకు కోపమొస్తే ఇంకో సెంటర్‌కి పోవచ్చు. పోస్టరు ప్రింటు తీస్తే ఆమెకి ఆ రోజు కూలి. ఆపితే అదీ లేదు. టైపు చేసేవాళ్ళు డాక్టరమ్మకి వ్యాకరణం చెప్పడమేమిటని నేను మొహం ముడుచుకునే అవకాశమూ ఉంది. ఇవన్నీ తెలిసి అడిగింది. ఆ మాట బరువంతా అక్కడుంది. నన్ను దాటనివ్వనిది ఆ బరువే. యంత్రానికి నాతో ఏ బాకీ లేదు, నాకు దానితో లేదు. ఆ బాకీ లేకపోవడమే నాకు స్వేచ్ఛనిచ్చింది. ఆ బాకీ లేకపోవడం వల్లే దాని మాట నాకు అంత తేలికైపోయింది. రెండూ నిజమే. ఇందులో ఒకదాన్ని వదిలేసి మాట్లాడటం నాకిష్టంలేదు.

బాకీ లేదనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. ఆ బాకీలు మనకి కనపడకుండా ఉన్నాయంతే. "కంప్యూటర్" అన్న మాట ఒకప్పుడు చేత్తో లెక్కలు కట్టే ఉద్యోగానికి పేరు. ఆ ఉద్యోగాల్లో ఎందరో ఆడవాళ్ళు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు, దానిచేత లెక్క చేయించింది ఆరుగురు స్త్రీలు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ఆ రాత్రి జరిగిన విందుకి వాళ్ళని పిలవలేదు. ఫొటోల్లో ఉన్నది వాళ్ళేనని లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఇక ఇప్పటి సహాయకుల మర్యాద వెనక ఎవరున్నారు? హింసా అత్యాచారాల రాతల్ని యంత్రం గుర్తుపట్టేలా చెయ్యడానికి, కెన్యాలో పనివాళ్ళు రోజంతా అవే చదివి గుర్తులు పెట్టారు. గంటకి 2 డాలర్ల కంటే తక్కువ కూలికి. 2023 జనవరిలో టైమ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. నాకు తొమ్మిదోసారి కూడా విసుగులేకుండా అందిన జవాబులో ఎవరి విసుగు ఇంకిపోయిందో నేనెప్పుడూ అడగలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. పద్నాలుగు నెలలు నా కథలన్నీ టైపు చేసిన అక్క పేరు నా పత్రంలో ఎక్కడా లేదు. కృత్రిమ మేధ సహాయకుల్ని వాడానని మాత్రం నిజాయితీగా అడుగున రాశాను! అది పద్ధతి అని సెమినార్ వాళ్ళు చెప్పారు కాబట్టి. టైపు చేసినవాళ్ళ పేరు రాయడం పద్ధతని ఎవరూ చెప్పలేదు. అదృశ్య శ్రమ గురించి పాఠాలు చెప్పే నాకు అది తట్టకపోవడాన్ని ఏమనాలి?

మన వ్యాకరణం గురించి ఈ మధ్య తరచూ ఆలోచిస్తున్నాను. ఏకవచనంలో ఆడదాన్నీ వస్తువునీ ఒకే గాటన కడుతుంది. ఆమె వచ్చింది, అది వచ్చింది. యంత్రం చెప్పింది, అక్క చెప్పింది. బహువచనంలోకి వస్తే మాత్రం స్త్రీలు వచ్చారు, వస్తువులు వచ్చాయి. ఒంటరిగా ఉంటే వస్తువుల్లో, నలుగురు కలిస్తే మనుషుల్లో. నా ప్రోగ్రాం చేసిన తప్పు ఆ వ్యాకరణంలోనే పొంచి ఉంది. నేను చేసిన తప్పు వేరు. యంత్రం చెప్పిందీ, అక్క చెప్పిందీ ఒకటే క్రియ కాబట్టి రెండు సాయాలూ ఒకటేననుకున్నాను. రెంటినీ ఒకేలా వాడుకున్నాను.

తప్పు యంత్రానిదని తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ అంకె నాకు కావాలి. కావాలి కాబట్టి నమ్మాను. నాకిష్టంలేని అంకె వచ్చి ఉంటే ఆ రాత్రే ప్రోగ్రాంని వరస వరసగా విప్పి చూసి ఉండేదాన్ని. స్త్రీల పక్షాన నిలబడే పరిశోధనకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మన పక్షం న్యాయమైందని మనకి తెలుసు. అందుకే మన లెక్క కూడా న్యాయమైందనుకుంటాం. మనకి అనుకూలంగా వచ్చిన అంకెనే ముందు అనుమానించాలని ఇప్పుడనిపిస్తోంది. ఆ పత్రం చదివి ఏ ఒక్కరు "వాన కూడా ఆడదేనా" అని అడిగినా, నవ్వులపాలయ్యేది నేనొక్కదాన్నే కాదు. ఆ పాత కథలు రాసిన స్త్రీలు కూడా.

ఇప్పుడేం చేస్తున్నానంటే, మూడింటినీ వాడుతూనే ఉన్నాను. మానెయ్యలేదు, మానెయ్యమని చెప్పను. కానీ "బాగుంది కదా" అని అడగడం మానేశాను. "ఈ లెక్క ఎక్కడెక్కడ తప్పు కావచ్చో చెప్పు" అని అడుగుతున్నాను. అలా అడిగితే మూడూ బాగానే చెప్తున్నాయి. గౌరవవాచకం సంగతి కూడా ఒకటి తనంతట తానే చెప్పింది. అంటే తెలియక కాదు. నేను ఏం వినాలనుకుంటున్నానో దాన్ని బట్టి జవాబులు వస్తున్నాయి. ప్రోగ్రాం ఇచ్చిన ఫలితంలోంచి చీటీలు తీసినట్టు వంద వాక్యాలు తీసి, చేత్తో సరిచూస్తున్నాం. చూస్తున్నాం అంటే నేనూ, అక్కా. ఆ పనికి పేజీ లెక్క కాదు, గంటల లెక్కన డబ్బు. పత్రంలో తన పేరు రాస్తానంటే ముందు వద్దంది. "నా పేరెందుకు మేడం, నేను కొట్టిచ్చిన గంతే గద" అంది. కొట్టింది మాత్రమే కాదు కదక్కా అన్నాను. ఆలోచించి సరేనంది. ఈ వ్యాసంలో మాత్రం వద్దంది.

కొత్త పత్రం ఇంకా పూర్తికాలేదు. ఆడవాళ్ళ క్రియలు ఎక్కువా తక్కువా అన్నది ఇప్పుడు నాకంత ముఖ్యంగా తోచడంలేదు. తన మొగుణ్ణి "వచ్చారు" అని రాసే కథకురాలు, ఎక్కడో ఒకచోట, కోపంలోనో దుఃఖంలోనో, "వచ్చాడు" అని రాస్తుంది. అలాంటివి దొరుకుతున్నాయి. అవి ఎక్కడ, ఎందుకు అన్నది ఇప్పుడు నా ప్రశ్న. అక్క అడగకపోతే ఈ ప్రశ్నే లేదు. ఫైల్లో కాగితం లేకుండా ఈ ఏడాది పొడిగింపు వస్తుందో రాదో తెలీదు.

మొన్న డిపార్ట్‌మెంటులో మళ్ళీ అడిగారు, "ఇంతకీ ఏది మంచిదే?" అని. నీకు నచ్చని సంగతి ఏది ఎక్కువసార్లు చెప్తుందో చూసుకో, అన్నాను. ఈ నెల ఒకటి కావచ్చు, వచ్చే నెల ఇంకోటి కావచ్చు. చెప్పినా నువ్వు వింటావా అన్నది వేరే సంగతి. అందుకని, నువ్వు తప్పితే "ఇదేంది" అని అడగగల మనిషిని ఒకరిని దగ్గర పెట్టుకో. ఆ మనిషికి నీ దగ్గర భయం లేకుండా చూసుకో. డబ్బు సరిగ్గా ఇవ్వు. పేరు రాయి.

"మిక్సీ గురించి అడిగితే సంసారం గురించి చెప్తావేమే" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. కానీ ఆ మాటే ఇంకోసారి గట్టిగా చెప్పాలనిపించి ఇదంతా రాశాను.